డిస్కుల పెట్టెలా, గాజు తంతులా? దూరదూరపు రేడియో టెలిస్కోపులను అప్పటికప్పుడు కలపడంపై చర్చ

1. పర్లాకిమిడి లెక్కల మాస్టారు (గజపతి జిల్లా)

సభ్యులందరికీ నమస్కారం. సాయంత్రం పూట మా వీధి పిల్లలకు లెక్కలు, సైన్సు చెబుతుంటాను. గత వారం కృష్ణబిలం తొలి చిత్రం గురించి చెప్పాను. 2017 ఏప్రిల్‌లో ప్రపంచంలోని ఎనిమిది రేడియో టెలిస్కోపులు జట్టుగా పనిచేశాయనీ, అవి రాసుకున్న సమాచారాన్ని హార్డు డిస్కుల్లో నింపి విమానాల్లో అమెరికాలోని హేస్టాక్‌కూ జర్మనీలోని బాన్‌కూ తరలించారనీ, దక్షిణ ధ్రువపు డిస్కులు అక్కడి చలికాలం ముగిసి విమానాలు తిరిగేదాకా ఆగి డిసెంబరులో గానీ చేరలేదనీ, చివరికి చిత్రం 2019 ఏప్రిల్ 10న వెలువడిందనీ వివరించాను. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె లేచి, "మా అన్నయ్య దుబాయి నుంచి రోజూ వీడియోలో మాట్లాడతాడు కదా మాస్టారూ, వాళ్లకు ఇంటర్నెట్టు లేదా?" అని అడిగింది. అంతటితో ఆగకుండా, వాళ్ల మేడ మీది టీవీ డిష్‌నూ రాయగడలో మేనమామ ఇంటి డిష్‌నూ ఇంటర్నెట్టుతో కలిపితే పెద్ద టెలిస్కోపు అవుతుందా అని కూడా అడిగింది. రెండింటికీ నా దగ్గర సరైన జవాబు లేకపోయింది. తెలిసినవారు చెప్పగలరు.

2. ధర్మాబాద్ పరిశీలకుడు (నాందేడ్ జిల్లా)

మాస్టారు గారూ, మొదటి ప్రశ్నకు లెక్కే జవాబు చెబుతుంది. ఆ పరిశీలనలో ఒక్కొక్క కేంద్రం సెకనుకు 32 గిగాబిట్లు రాసుకుంది. అంటే గంటకు 14 టెరాబైట్ల పైమాట. ఒక రాత్రి ఎనిమిది గంటలు నడిస్తే దాదాపు 115 టెరాబైట్లు. దీన్ని సెకనుకు ఒక గిగాబిట్ మోసే తీగ మీద పెడితే, ఆ తీగకు మరో పని లేకపోయినా, పదిన్నర రోజులకు పైగా పడుతుంది. దక్షిణ ధ్రువానికైతే సముద్రగర్భ కేబులే లేదు, ఉపగ్రహాలే దిక్కు. అక్కడ డిస్కుల పెట్టెకు మించిన రహదారి లేదు.

ఒక సవరణ కూడా ఉంది. ఆ కృష్ణబిలం ఉన్న ఎం87 గెలాక్సీ దక్షిణ ధ్రువం నుంచి చూస్తే దిఙ్మండలం పైకే రాదు. అక్కడి టెలిస్కోపు 3సీ 279 అనే క్వాజారును (ఎంతో దూరాన ఉండి తీవ్రంగా వెలిగే గెలాక్సీ కేంద్రం) గమనించి, మిగతా పరికరాల తూకం సరిచూడడానికి తోడ్పడింది. పిల్లలకు ఇది కూడా చెప్పండి.

3. ప్రాణహిత ఒడ్డు (సిరొంచ, గడ్చిరోలి జిల్లా)

పరిశీలకుడు గారి లెక్క సరైనదే గానీ, దాని నుంచి తీసిన తీర్పు ఒక్క తరహా పరిశీలనకే వర్తిస్తుంది. నేను కళాశాలలో భౌతికశాస్త్రం చెబుతాను కాబట్టి కొంచెం వెనక్కి వెళ్లి మొదలుపెడతాను, ఓపిక పట్టండి.

టెలిస్కోపు చూపు ఎంత పదునైనదో తెలియాలంటే, అది అందుకునే అల పొడవును దాని వెడల్పుతో భాగించాలి. 21 సెంటీమీటర్ల అలలను 25 కిలోమీటర్ల ఎడంలో ఉన్న రెండు పళ్లేలతో అందుకుంటే, పాతిక మిల్లీమీటర్ల నాణేన్ని మూడు కిలోమీటర్ల దూరం నుంచి గుర్తుపట్టినంత పదును వస్తుంది. ఆ ఎడాన్ని 8000 కిలోమీటర్లకు పెంచితే, సిరొంచలో నా అరచేతిలో ఉన్న నాణేన్ని కలకత్తా నుంచి గుర్తుపట్టినంత. అంత ఎడంలో ఒకే పళ్లెం కట్టలేం కనుక, విడివిడి పళ్లేలు ఒకే క్షణాన అందుకున్నదాన్ని తర్వాత ఒకచోట కలుపుతారు. 1967లో ఈ పద్ధతి మొదలైనప్పుడు అయస్కాంత టేపుల మీద రాసుకునేవారు. తర్వాత డిస్కులు వచ్చాయి.

ఇక్కడ గమనించవలసింది ఏమిటంటే, ఒక్కొక్క టెలిస్కోపు రాసుకునేదంతా దాదాపు రొద. అందులో ఆకాశం పాలు బహు స్వల్పం. రెండు చోట్ల రొదను పక్కపక్కన పెట్టి, గుణించి, కూడుతూ పోతే, ఎవరి సొంత రొద వారిది కొట్టుకుపోయి, ఉమ్మడిగా ఉన్న ఆ స్వల్పం మిగులుతుంది. ఆ పని చేసే యంత్రాన్ని కోరిలేటర్ అంటారు. కోరిలేటర్‌లో పడేదాకా పరిశీలన పండిందో ఎండిందో ఏ కేంద్రానికీ తెలియదు. డిస్కులు మోసే రోజుల్లో ఒక కేంద్రం తన రిసీవరును తప్పుడు పౌనఃపున్యానికి పెట్టుకుంటే, ఆ సంగతి వారాల తర్వాత బయటపడేది. విత్తనం మొలవలేదని కోతల నాడు తెలిసినట్టు.

నెదర్లాండ్స్‌లోని డ్వింగెలూలో యూరప్ టెలిస్కోపుల ఉమ్మడి కోరిలేటర్ ఉంది. ఆ సంస్థను జైవ్ అంటారు. అక్కడ 2004లో నెట్‌వర్కు ద్వారా నేరుగా వచ్చిన సమాచారంతో తొలి చిత్రం తయారైంది. 2006లో యూరోపియన్ కమిషన్ సొమ్ముతో ఎక్స్‌ప్రెస్ అనే పథకం మొదలై, కేంద్రానికి సెకనుకు ఒక గిగాబిట్ చొప్పున నేరుగా పంపే స్థితికి తీసుకువచ్చింది. ఈ పద్ధతికి సిగ్నస్ ఎక్స్-3 వంటి జంట తారలు, ఉన్నట్టుండి భగ్గుమనేవి, ఎంతో అనుకూలమైనవి. ఇవాళ మండుతున్నదాని తీరు ఇవాళే చూస్తే, రేపు మళ్లీ పరిశీలించాలా, ఏ పౌనఃపున్యంలో పరిశీలించాలి అన్నది నిర్ణయించుకోవచ్చు. నెల తర్వాత చూస్తే బూడిదే మిగులుతుంది.

4. తంతి రాయగడ (రాయగడ జిల్లా)

నాది ఫైబర్ అతికే పని. పంచాయతీలకు వేసిన లైన్లలో కట్ పడినప్పుడు, ఓటీడీఆర్ పెట్టి ఎన్ని మీటర్ల దగ్గర తెగిందో చూసి, తవ్వి, స్ప్లైసింగ్ మిషన్‌తో అతికి, జాయింట్ పెట్టెలో మూసి వస్తుంటాను. రోడ్డు వెడల్పు చేసే జేసీబీలు మాకు పని తగ్గనివ్వవు. కాబట్టి నా సందేహం పని మీదనే. గాజులో వెలుగు కిలోమీటరుకు ఐదు మైక్రోసెకన్లు తీసుకుంటుంది. ఒక కేంద్రం సమాచారం నేరుగా, మరొకటి నాలుగు దేశాలు చుట్టి వస్తే, ఒకే క్షణాన అందుకున్నవి ఒకే క్షణాన చేరవు కదా. పైగా దారిలో ప్యాకెట్లు, అంటే సమాచారపు ముక్కలు, కొన్ని పోతాయి. ఇంత సున్నితమైన శాస్త్రానికి అంత నమ్మకం లేని దారి ఎలా సరిపోతుంది?

5. బరంపురం విశ్రాంత ఇంజనీరు (గంజాం జిల్లా)

తంతి గారు అడిగినది ఈ చర్చ మొత్తానికీ ఆయువుపట్టు. ముప్పై ఏళ్లు టెలిఫోను ఎక్స్ఛేంజీల్లో పనిచేసినవాణ్ని కాబట్టి ఈ ప్రశ్న చూసి ఉండబట్టలేకపోయాను.

మొదట ఆలస్యం సంగతి. ఉత్తరం ఎన్నాళ్లకు చేరినా, బయలుదేరిన ఊళ్లో కొట్టిన తపాలా ముద్ర మారదు. ప్రతి కేంద్రంలోనూ హైడ్రోజన్ మేజర్ అనే పరమాణు గడియారం ఉంటుంది. సమాచారం బయలుదేరక ముందే దాని మీద ఆ గడియారం ముద్ర పడుతుంది. కోరిలేటర్ వచ్చినవన్నీ కొద్దిసేపు నిలవ ఉంచి, ముద్రల ప్రకారం వరుస పెట్టుకుంటుంది. ఆకాశపు అల ఒక టెలిస్కోపు కంటే మరొకదానికి ఆలస్యంగా చేరడం వల్ల వచ్చే తేడా, భూమి తిరుగుతున్నందున క్షణక్షణం మారేది, లెక్కగట్టి సరిచేస్తుంది. అది పదుల మిల్లీసెకన్లు మించదు. నెట్‌వర్కు ఆలస్యం ఆ లెక్కలోకి రాదు, నిలవ ఉంచే చోటు చాలినంత ఉంటే చాలు.

ఇక పోయే ప్యాకెట్ల సంగతి మరీ చిత్రమైనది. మనం వాడే మామూలు పద్ధతి, టీసీపీ, ఒక్క ప్యాకెట్ పోయినా దాన్ని తిరిగి అడుగుతుంది, దారి ఇరుకైందేమోనని వేగాన్ని ఒక్కసారిగా తగ్గించుకుంటుంది. ఖండాలు దాటిన దూరంలో రానూపోనూ సమయం ఎక్కువ కాబట్టి తిరిగి వేగం పుంజుకోవడానికి చాలాసేపు పడుతుంది. బ్యాంకు లావాదేవీకి ఆ జాగ్రత్త తప్పనిసరి, ఒక్క అంకె తప్పకూడదు. ఇక్కడ పంపుతున్నది రొద. అందులో వందోవంతు పోతే, చూపు సున్నితత్వం తగ్గేది అర శాతమే, ఎందుకంటే అది సమాచారపు పరిమాణానికి వర్గమూలం లెక్కన పెరుగుతుంది. అందువల్లనే ఈ పనికి యూడీపీ పద్ధతిని ఎంచుకున్నారు. పోయింది పోనీ, వెనక్కి తిరిగి చూడకు అన్నది దాని స్వభావం.  రొద కాబట్టే దీన్ని జిప్ చేసి కుదించడమూ సాధ్యం కాదు.

సెకనుకు ఒక గిగాబిట్ ఎక్కడి నుంచి వచ్చిందని పిల్లలు అడగవచ్చు. 128 మెగాహెర్ట్జ్ వెడల్పున్న పౌనఃపున్యాల పట్టీని సెకనుకు 25 కోట్ల 60 లక్షల సార్లు కొలవాలి. రెండు ధ్రువణాలకు (అల ఊగే రెండు దిశలకు) రెట్టింపు. కొలతకు రెండేసి బిట్లు. గుణిస్తే 102 కోట్ల 40 లక్షల బిట్లు. కొలతకు రెండు బిట్లేనా అని ఆశ్చర్యపోవద్దు. రొదను పది అంకెల కచ్చితత్వంతో కొలిచినందువల్ల లాభం లేదు. ఆ తీగను వెడల్పాటి పట్టీకి ఖర్చు పెట్టడమే మేలు.

అన్నట్టు, దీని అవసరం ఖగోళ శాస్త్రజ్ఞులకే పరిమితం కాదు. భూమి తన చుట్టూ తాను తిరిగే వేగం నిలకడగా ఉండదు, రోజు పొడవు మిల్లీసెకను అటూఇటుగా మారుతుంటుంది. ఆ మార్పును దూరపు క్వాజారుల సాయంతో కొలిచి, వెంటనే అందిస్తేనే ఉపగ్రహాల దారి లెక్కలు నిలుస్తాయి. స్వీడన్‌లోని ఓన్సాలాకూ జపాన్ కేంద్రాలకూ నడుమ నేరుగా తీగ మీద సమాచారం పంపి ఈ పని చేసి చూపారు.

6. బల్లార్షా విద్యార్థిని (చంద్రపూర్ జిల్లా)

నేను పుణేలో ఇంజనీరింగ్ చదువుతున్నాను. ఫిబ్రవరి 28న, జాతీయ విజ్ఞాన దినం సందర్భంగా, నారాయణ్‌గావ్ దగ్గర ఖోడద్‌లోని జీఎంఆర్‌టీ అనే రేడియో టెలిస్కోపుకు వెళ్లాను. చుట్టుపక్కల పల్లెల పిల్లలు బస్సుల్లో దిగుతుంటే జాతరలా ఉంది. అక్కడ 45 మీటర్ల వెడల్పున్న పళ్లేలు 30 ఉన్నాయి. 14 నడుమ కిలోమీటరు మేర గుంపుగా, 16 మూడు చేతులుగా, చివర్ల మధ్య 25 కిలోమీటర్ల దాకా. దాన్ని కట్టించిన ఖగోళ శాస్త్రజ్ఞుడు గోవింద్ స్వరూప్ గారు పళ్లేన్ని రేకుతో కాకుండా, తీగలను బిగలాగి కట్టిన సన్నని జల్లెడతో చేయించి ఖర్చు తగ్గించిన తీరు దగ్గర నుంచి చూస్తేనే అర్థమవుతుంది.

బరంపురం ఇంజనీరు గారు చెప్పినదానికి ఒక తేడా చేర్చాలి. జీఎంఆర్‌టీలో ఒక్కొక్క పళ్లేనికి విడి పరమాణు గడియారం లేదు. నడుమ భవనం నుంచి ఫైబర్ మీద ఆధార సంకేతం ప్రతి పళ్లేనికీ వెళుతుంది. పళ్లెం అందుకున్నది ఫైబర్ మీదనే తిరిగి వస్తుంది. అంటే అక్కడ ఫైబర్ ఉత్తరాలు మోసే తపాలా బంట్రోతు మాత్రమే కాదు, గడియారాన్ని మోసేది కూడా అదే. ఎండకు గాజు పొడవు పిసరంత మారినా సంకేతపు దశ, అంటే అల తన చుట్టులో ఏ చోట ఉందన్నది, జరుగుతుంది. అందుకే ఇలాంటి టెలిస్కోపుల్లో ప్రతి కొంతసేపటికీ తెలిసిన ఒక ఖగోళ వస్తువు వైపు తిరిగి, దశను సరిచూసుకుని, మళ్లీ పనిలోకి వస్తారు. తపాలా ముద్ర పోలిక సొంత గడియారం ఉన్న దూరపు కేంద్రాలకు మాత్రమే సరిపోతుందని నా మనవి.

7. ధర్మాబాద్ పరిశీలకుడు

యూడీపీ సంగతి తెలియక కాదు గానీ, రొద విషయంలో అది ఇంత సహజంగా సరిపోతుందని నేను ఆలోచించలేదు. ఆ మేరకు ఒప్పుకుంటున్నాను. అయినా డిస్కును పూర్తిగా పక్కన పెట్టవద్దు. ఎఫ్‌ఆర్‌బీ 121102 అనే రేడియో మెరుపును తీసుకోండి. మిల్లీసెకన్లు మాత్రమే వెలిగి ఆరిపోయే మెరుపు. అయితే మళ్లీ మళ్లీ వచ్చే రకం. అది మూడు వందల కోట్ల కాంతి సంవత్సరాల అవతల ఒక మరుగుజ్జు గెలాక్సీలో ఉందని 2017లో తేలింది. యూరప్ టెలిస్కోపులకు తోడు ప్యూర్టోరికోలోని అరెసిబో పళ్లెం కూడా పనిచేసింది. మెరుపు ఏ క్షణాన వచ్చిందో మొదట అరెసిబో సమాచారంలో వెతికి పట్టుకున్నారు. తర్వాత మిగతా కేంద్రాలు దాచిన ముడి సమాచారంలో సరిగ్గా ఆ క్షణాన్ని వెనక్కి వెళ్లి కోరిలేట్ చేశారు. ముడి సమాచారం దాచుకోకుండా సగటులే మిగుల్చుకుని ఉంటే ఆ మెరుపు సగటులోనే కరిగిపోయేది. తీగ మీద చూడండి, డిస్కు మీద దాచండి అంటాను.

అరెసిబో పళ్లెం 2020 డిసెంబరు 1న కూలిపోయింది. ఇప్పుడు ఆ తోడు లేదు.

8. పర్లాకిమిడి లెక్కల మాస్టారు

ఇంతమంది ఇంత శ్రద్ధగా రాస్తారని అనుకోలేదు. తపాలా ముద్ర పోలికను, దానికి బల్లార్షా అమ్మాయి పెట్టిన హద్దును, రెండింటినీ రేపే తరగతిలో చెబుతాను. రెండో ప్రశ్న మాత్రం మిగిలి ఉంది: రెండు ఇళ్ల టీవీ డిష్‌లు.

9. ప్రాణహిత ఒడ్డు

డిష్‌ల మాట వింటే ముచ్చటగా ఉంది గానీ కుదరదు, కుదరని కారణం మాత్రం పిల్లలకు చెప్పదగ్గది. డిష్ ముందు ఉండే ఎల్‌ఎన్‌బీ అనే చిన్న పెట్టె 10, 13 గిగాహెర్ట్జ్‌ల నడిమి సంకేతాన్ని కేబులుకు తగినట్టు కిందికి దించుతుంది. దానికి లోపల ఒక డోలకం, అంటే నిర్ణీత పౌనఃపున్యంలో ఊగే సంకేతాన్ని పుట్టించే భాగం, ఉంటుంది. చవకరకం కాబట్టి ఎండకూ నీడకూ అది లక్షల హెర్ట్జ్ మేర జరిగిపోతుంది. రెండు ఇళ్లలో రెండు డోలకాలు ఎవరి దారిన వారు జరుగుతుంటే, కోరిలేటర్‌కు ఉమ్మడి అంటూ ఏమీ మిగలదు. ఒక్క డిష్‌ను సూర్యుడి వైపు తిప్పి, డిష్ అమర్చేవాళ్లు వాడే సిగ్నల్ మీటరు ముల్లు లేవడం చూపించవచ్చు. అంతవరకే.

అయితే పౌనఃపున్యం దిగితే గడియారం మీద బరువు కూడా దిగుతుంది. కృష్ణబిలాన్ని చిత్రించిన 1.3 మిల్లీమీటర్ల అల ఒక్క చుట్టు తిరగడానికి సెకనులో లక్షకోట్ల వంతులు నాలుగు పడతాయి. ఆ మేరకు గడియారం తప్పకూడదు. 21 సెంటీమీటర్ల అలకు 0.7 నానోసెకను. 20 మెగాహెర్ట్జ్‌కు వస్తే అల పొడవు 15 మీటర్లు, చుట్టుకు 50 నానోసెకన్లు. జీపీఎస్ రిసీవర్లు ఇచ్చే సెకను టిక్కు పదుల నానోసెకన్ల లోపు నమ్మదగ్గది. దానికి కట్టిన మంచి డోలకం ఇంకొంచెం మెరుగు. ఇక ఆ పౌనఃపున్యంలో గట్టిగా మోగేవాడు గురుడు. అతని ఉపగ్రహం అయో తగిన చోట ఉన్న రాత్రుల్లో, మామూలు రాగి తీగ యాంటెనాకూ వినిపించేంత రేడియో తుఫానులు లేస్తాయి. పైగా అంత తక్కువ పౌనఃపున్యాన్ని నేరుగా అంకెలుగా మార్చవచ్చు కాబట్టి కిందికి దించే డోలకమే అక్కర్లేదు.

పర్లాకిమిడికీ రాయగడకూ నడుమ గాలిదారిన సుమారు 80 కిలోమీటర్లు. 15 మీటర్ల అలకు ఆ ఎడం ఇచ్చే పదును 40 ఆర్క్‌సెకన్ల దగ్గర ఉంటుంది (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు). గురుడి బింబం దాదాపు అంతే.

10. తంతి రాయగడ

లెక్క వేసి చూశాను. ఒక మెగాహెర్ట్జ్ పట్టీ తీసుకుని, కొలతకు రెండు బిట్లు చొప్పున పంపితే సెకనుకు 4 మెగాబిట్లు. ఇది ఇంటి ఫైబర్ కనెక్షన్ ఎగువ దారిలో (అప్‌లోడ్‌లో) హాయిగా పడుతుంది. అంటే అమ్మాయి అడిగినట్టే, ఇంటర్నెట్టు మీద, అప్పటికప్పుడు. మేనమామ గారి ఇంటి మేడ చిన్నదైతే మా మేడ ఉంది, కొండ పక్కన, వీధి చివర. కరెంటు తీగలకు దూరంగా ఉంటుంది.

11. ధర్మాబాద్ పరిశీలకుడు

ఆశ పెట్టేముందు అయనోస్ఫియర్‌ను, అంటే వాతావరణం పైభాగంలోని విద్యుదావేశపు పొరను, తలచుకోండి. 20 మెగాహెర్ట్జ్ అలను అది వంచుతుంది. మన అక్షాంశాల్లో సూర్యాస్తమయం తర్వాత కొన్ని గంటలపాటు అది మరీ కలతపడి ఉంటుంది, రెండు ఊళ్ల మీద రెండు రకాలుగా. అర్ధరాత్రి దాటాక, గురుడు ఎత్తుగా ఉన్న వేళ ప్రయత్నిస్తే కొంత నయం. బింబం చిత్రం వస్తుందని పిల్లలకు మాట ఇవ్వవద్దు. రెండు ఊళ్ల రొదలో ఉమ్మడి భాగం ఒక్కసారి కోరిలేటర్‌లో శిఖరంలా లేస్తే అదే పెద్ద విజయం. కోరిలేటర్ ప్రోగ్రాము నేను రాసి ఇస్తాను. ముడి సమాచారం డిస్కులో కూడా దాచాలన్నది నా షరతు.

12. పర్లాకిమిడి లెక్కల మాస్టారు

షరతుకు ఒప్పుకున్నాను. అమ్మాయికి సంగతి చెప్పగానే, యాంటెనా తీగ ఎంత పొడవుండాలని అడిగింది. సగం అల ఏడున్నర మీటర్లు, కొంచెం తగ్గించి ఏడు మీటర్ల చిల్లర అని ఇద్దరం లెక్కగట్టాం. నిన్న సాయంత్రం, మా దగ్గర ఉన్న ఒక చిన్న రేడియోతో మేడ మీద ఆ పౌనఃపున్యం వినిచూశాం. ఎదురింటి ఎల్‌ఈడీ దీపం వెలిగినంతసేపూ బరబరమంటూ ఒకటే రొద. తొమ్మిదింటికి వాళ్లు దీపం ఆర్పాక తగ్గింది. అర్ధరాత్రి దాటాక వీధిలో ఇంకెన్ని దీపాలు వెలుగుతుంటాయో ఈ వారం అంతా లెక్క రాసి ఇక్కడ పెడతాను. తంతి గారూ, తమరు కూడా మీ మేడ మీద అదే వేళల్లో విని రాయగలరా?